ప్రభుత్వ యూనివర్సిటీ పక్కన ప్రైవేటు ఖజానా: అమెరికాలో యూనివర్సిటీ ఫౌండేషన్లు ఎలా పుట్టాయి, ఎందుకు గొడవల్లో పడుతున్నాయి

క్లుప్తంగా: అమెరికాలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీలకు ఇచ్చే విరాళం నేరుగా యూనివర్సిటీ ఖాతాలో పడదు. పక్కనే ఉండే ఒక ప్రైవేటు, లాభాపేక్ష లేని ఫౌండేషన్ దాన్ని తీసుకుని, పెట్టుబడి పెట్టి, ఏటా కొంత యూనివర్సిటీకి ఇస్తుంది. దాత సొమ్ము రాష్ట్ర శాసనసభ చేతికి చిక్కకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది. 1891లో కాన్సస్‌లో మొదలైన ఈ పద్ధతి తర్వాత దేశమంతా పాకింది. అయితే శాసనసభను దూరంగా పెట్టిన ఆ గోడే జనాన్ని కూడా లెక్కలకు దూరంగా పెట్టింది. కోర్టు కేసులు, కొత్త చట్టాలు ఎక్కువగా అక్కడి నుంచే పుట్టాయి.

2025లో అమెరికా కొత్త పన్ను చట్టం వచ్చాక ఎండోమెంట్ (ఖర్చు పెట్టేయకుండా పెట్టుబడిలో ఉంచే విరాళాల నిధి) మీద పన్ను గురించి వార్తలు బాగా నడిచాయి. హార్వర్డ్, యేల్ లాంటి ధనిక ప్రైవేటు యూనివర్సిటీల పెట్టుబడి ఆదాయం మీద పన్ను పెరిగింది, కానీ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల జోలికి ఆ చట్టం పోలేదు. మరి వాటి దగ్గర ఎండోమెంట్ లేదా అంటే, ఉంది, కొన్నిచోట్ల బిలియన్ల డాలర్లలోనే ఉంది. అయితే అందులో చాలా భాగం యూనివర్సిటీ పేరు మీద ఉండదు. ఫీజు బిల్లు ఒక సంస్థ పంపుతుంది, చదువు అయిపోయాక విరాళం అడుగుతూ ఈమెయిల్ ఇంకో సంస్థ పంపుతుంది, రెండింటి పేర్లూ దాదాపు ఒకేలా ఉంటాయి, చట్టం దృష్టిలో మాత్రం రెండూ వేర్వేరు. ఈ వేర్పాటు ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఫౌండేషన్లు పుట్టకముందు విరాళాలు ఎలా నడిచాయో చూడాలి.

## విరాళం పాతదే, పెట్టె కొత్తది

అమెరికాలో కాలేజీలు పుట్టిందే చందాల మీద. 1638లో చనిపోయిన జాన్ హార్వర్డ్ అనే పాస్టర్ తన ఆస్తిలో సగం, సుమారు 400 పుస్తకాలు అప్పుడే మొదలైన ఒక కాలేజీకి వదిలిపెట్టాడు, కాలేజీకి ఆయన పేరే పెట్టారు. 1641లో మసాచుసెట్స్ వలస ప్రాంతం ముగ్గుర్ని ఇంగ్లండుకు చందాల కోసం పంపింది. 1643లో లండన్‌లో ఉండే ఆన్ మౌల్సన్ అనే ఆవిడ పేద విద్యార్థుల కోసం 100 పౌండ్లు ఇచ్చింది. హార్వర్డ్ తొలి స్కాలర్‌షిప్ నిధి అదే. ఆవిడ పుట్టింటి పేరు రాడ్‌క్లిఫ్, రెండున్నర శతాబ్దాల తర్వాత మహిళల కాలేజీకి పెట్టింది ఆ పేరే.

యేల్ కథ తెలుగువాళ్లకు ఇంకాస్త దగ్గరిది. ఎలైహు యేల్ 1687 నుంచి 1692 వరకు ఈస్టిండియా కంపెనీ తరఫున మద్రాసు సెయింట్ జార్జ్ కోటకు గవర్నర్. అవినీతి ఆరోపణలతో ఆ పదవి పోయింది, సంపాదన మాత్రం మిగిలింది. 1718లో ఆయన కనెటికట్‌లోని ఓ చిన్న కాలేజీకి తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, రాజు జార్జ్ చిత్రపటం పంపాడు. సరుకు అమ్మితే సుమారు 560 పౌండ్లు వచ్చాయి. అంత మాత్రానికే కాలేజీకి ఆయన పేరు దక్కింది. పేరు పెట్టించుకునే విరాళాల్లో ఇంత చౌక బేరం మళ్లీ ఎవరికీ దొరకలేదనే చెప్పాలి.

ఈ రెండు చోట్లా సొమ్ము కాలేజీకే నేరుగా వెళ్లింది. మధ్యలో ఫౌండేషన్ అవసరం రాలేదు. అవి సొంత చార్టర్ (స్థాపన పత్రం) ఉన్న సంస్థలు, వాటి ఆస్తి వాటిదే. ఈ మాట గట్టిగా తేలింది 1819లో. న్యూహాంప్‌షైర్ శాసనసభ 1816లో డార్ట్‌మత్ కాలేజీ చార్టర్ మార్చేసి దాన్ని రాష్ట్ర యూనివర్సిటీగా చేసుకోబోయింది, పాత ట్రస్టీలు కోర్టుకెక్కారు, చివరకు సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ చార్టర్ అంటే ఒప్పందమని, దాన్ని రాష్ట్రం ఏకపక్షంగా మార్చడం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు ఇచ్చాడు. ప్రైవేటు సంస్థకు ఇచ్చిన సొమ్ము మీద ప్రభుత్వం చెయ్యి వేయలేదన్న భరోసా దాతలకు దీనితో వచ్చింది.

ఆ భరోసా ప్రభుత్వ యూనివర్సిటీలకు వర్తించదు. అసలు చిక్కు ఇదే. 1862 మొరిల్ చట్టంతో ఫెడరల్ ప్రభుత్వం ఒక్కో రాష్ట్రానికి, కాంగ్రెస్‌లో ఆ రాష్ట్రానికి ఉన్న ఒక్కో సభ్యుడికి 30 వేల ఎకరాల చొప్పున భూమి ఇచ్చింది, దాని ఆసరాతో రాష్ట్ర కాలేజీలు వరసగా లేచాయి. ఇవి శాసనసభలు పుట్టించిన సంస్థలు కాబట్టి వాటి డబ్బు రాష్ట్రం డబ్బు కిందకే వస్తుంది.

## కాన్సస్, 1891

కాన్సస్ యూనివర్సిటీ పుట్టుకలోనే చందా ఉంది. 1863లో శాసనసభ లారెన్స్ ఊరికి ఒక షరతు పెట్టింది: 40 ఎకరాల స్థలం, 15 వేల డాలర్ల నిధి చూపిస్తే యూనివర్సిటీ మీకు, లేకపోతే లేదు. స్థలం రాష్ట్ర తొలి గవర్నర్ చార్లెస్ రాబిన్సన్ కుటుంబం నుంచి వచ్చింది. నిధిలో పెద్ద భాగం బోస్టన్ వ్యాపారి ఏమాస్ లారెన్స్ అంతకుముందే ఆ ప్రాంతంలో చదువు కోసం ఇచ్చిన సొమ్ము. అదే ఏడాది ఆగస్టులో, అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడుతున్న క్వాంట్రిల్ ముఠా ఊరి మీద పడి 150 మందికి పైగా చంపి, ఇళ్లూ దుకాణాలూ తగలబెట్టింది. బూడిదలో ఉన్న ఊరు గడువులోగా మిగతా సొమ్ము సర్ది చూపించింది. 1866లో తరగతులు మొదలయ్యాయి.

పాతికేళ్లు తిరిగేసరికి, 1891లో, యూనివర్సిటీ శ్రేయోభిలాషులు విడిగా ఒక ఎండోమెంట్ అసోసియేషన్ పెట్టారు. అమెరికా ప్రభుత్వ యూనివర్సిటీకి ఈ తరహాలో ఏర్పడ్డ మొదటి ఫౌండేషన్‌గా దీన్ని లెక్కిస్తారు. అది యూనివర్సిటీలో ఒక విభాగం కాదు, సొంత ట్రస్టీలతో నడిచే వేరే సంస్థ.

ఇందువల్ల దాతకు మూడు లాభాలున్నాయి. ఒకటి, తన సొమ్ము రాష్ట్ర ఖజానాలో కలవదు, రేపు బడ్జెట్ లోటు వస్తే శాసనసభ దాన్ని వేరే పనికి మళ్లించలేదు. రెండోది ఇంకా సూక్ష్మమైనది. యూనివర్సిటీ ఖాతాలో విరాళం కనబడితే వచ్చే ఏడాది బడ్జెట్ వేసేవాళ్లు మీ దగ్గర అంత ఉంది కదా అని సర్కారు వాటా అంత మేరకు కోసేసే ప్రమాదం ఉంది, అంటే దాత ఒక చేత్తో ఇచ్చింది శాసనసభ ఇంకో చేత్తో లాక్కున్నట్టు, యూనివర్సిటీకి మిగిలేది శూన్యం. విరాళం వేరే సంస్థ దగ్గర ఉంటే అలా కోయడం పూర్తిగా ఆగదు గానీ కష్టమవుతుంది. మూడోది, ప్రభుత్వ సొమ్మును ఎక్కడ పెట్టుబడి పెట్టొచ్చు, స్థలాలు ఎలా కొనాలి, ఎలా అమ్మాలి అనేదానికి రాష్ట్ర నిబంధనలు గట్టిగా ఉంటాయి. ప్రైవేటు సంస్థకు ఆ బెడద తక్కువ, మంచి స్థలం అమ్మకానికి వస్తే టెండర్లు, ఆమోదాలు అంటూ ఆగకుండా వెంటనే కొని పెట్టుకోవచ్చు.

అసోసియేషన్ పెట్టగానే డబ్బు వచ్చి పడలేదు. పెద్ద మలుపులు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చాయి. 1929లో మేజోళ్ల వ్యాపారి సోలన్ సమ్మర్‌ఫీల్డ్ పేరుతో ప్రతిభ స్కాలర్‌షిప్‌లు మొదలయ్యాయి, అవి అప్పట్లో మగపిల్లలకే. ఆడపిల్లల వైపు నిలబడింది ఎలిజబెత్ మిల్లర్ వాట్కిన్స్. ఇంట్లో డబ్బు చాలక చిన్నప్పుడే చదువు ఆపేసి, భూముల తాకట్టు వ్యాపారి జేబెజ్ వాట్కిన్స్ ఆఫీసులో పనికి చేరి, తర్వాత ఆయన్నే పెళ్లి చేసుకున్న మనిషి. ఆయన 1921లో పోయాక ఆస్తి ఆవిడ చేతికి వచ్చింది. 1926లో వాట్కిన్స్ హాల్, 1937లో మిల్లర్ హాల్ కట్టించింది. అవి అమ్మాయిలు వంట, ఇంటిపని తామే పంచుకుని తక్కువ ఖర్చుతో ఉండి చదువుకునే వసతి గృహాలు. మధ్యలో 1931లో విద్యార్థుల ఆసుపత్రి కూడా కట్టించింది. 1939లో చనిపోతూ మిగిలిన ఆస్తిలో ఎక్కువ భాగం, అందులో వేల ఎకరాల భూములు, వీలునామా ద్వారా యూనివర్సిటీ అవసరాలకే వదిలింది.

ఇక్కడ విడిగా ఉన్న సంస్థ విలువ తెలుస్తుంది. నగదు అయితే ఎవరైనా తీసుకుని ఖాతాలో వేస్తారు. వేల ఎకరాల వ్యవసాయ భూమిని దశాబ్దాల పాటు కౌలుకిచ్చుకుంటూ, సమయం చూసి అమ్ముతూ, వచ్చినదాన్ని మళ్లీ పెట్టుబడి పెట్టడం ఒక యూనివర్సిటీ అకౌంట్స్ ఆఫీసు పని కాదు.

## అందరూ ఇలాగే చేశారా?

చేయలేదు. చేయనివాళ్లను చూస్తే పద్ధతి వెనక కారణం ఇంకా బాగా అర్థమవుతుంది. మిషిగన్ యూనివర్సిటీ కూడా ప్రభుత్వానిదే, ఎండోమెంట్ మాత్రం తన దగ్గరే పెట్టుకుంది. 1850 నాటి రాష్ట్ర రాజ్యాంగమే దాని రీజెంట్లకు (పాలక మండలి సభ్యులకు) యూనివర్సిటీ వ్యవహారాల మీద స్వతంత్ర అధికారం ఇచ్చింది, శాసనసభ రోజువారీ డబ్బు వ్యవహారాల్లో వేలు పెట్టడం కష్టం. రాజ్యాంగమే రక్షణగా ఉన్నప్పుడు ఇంకో గోడ కట్టుకోవాల్సిన తొందర ఉండదు. కాలిఫోర్నియా యూనివర్సిటీకి కూడా 1879 రాజ్యాంగం నుంచి అలాంటి స్వతంత్రత ఉంది, అయినా అక్కడ క్యాంపస్‌ల వారీగా ఫౌండేషన్లు కూడా వచ్చాయి, కాబట్టి ఇది ఖచ్చితమైన సూత్రం కాదు.

విస్కాన్సిన్ది మరో దారి. 1920ల్లో హ్యారీ స్టీన్‌బాక్ అనే ప్రొఫెసర్ ఆహారం మీద అతినీలలోహిత కాంతి పడితే విటమిన్ డి పెరుగుతుందని కనిపెట్టాడు, రికెట్స్‌తో పిల్లల కాళ్లు వంకర్లు పోతున్న రోజుల్లో అది పెద్ద విషయం. పేటెంట్ తీసుకున్నాడు, కానీ ఒక ప్రభుత్వ యూనివర్సిటీ పేటెంట్ల వ్యాపారంలో దిగడం ఎలా అనే సందేహం వచ్చింది. దాంతో 1925లో పూర్వ విద్యార్థులు తొమ్మిది మంది తలా 100 డాలర్లు వేసుకుని విస్కాన్సిన్ అల్యూమ్నై రీసెర్చ్ ఫౌండేషన్ (WARF) పెట్టారు. పేటెంట్ లైసెన్సుల మీద వచ్చిన డబ్బు పరిశోధనకు తిరిగి వెళ్లేది. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మందు పేరులో మొదటి భాగం ఈ ఫౌండేషన్ పొడి అక్షరాలే. అయితే ప్రైవేటు సంస్థ చేతికి ప్రజా పరిశోధన వెళ్తే ఏమవుతుందో కూడా ఇక్కడే కనబడింది. రాష్ట్ర పాడి రైతుల వెన్న గిరాకీ దెబ్బతినకుండా వనస్పతి వెన్న తయారుచేసే వాళ్లకు లైసెన్సు ఇవ్వలేదన్న విమర్శ వచ్చింది, పేదలు తినేదే ఆ చౌక వెన్న. 1940ల మధ్యలో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ పేటెంట్లు చెల్లవంది, తీర్పులో ఈ విషయాన్ని కూడా ఎత్తి చూపింది.

మహామాంద్యంలో రాష్ట్రాల ఖజానాలు ఎండిపోయినప్పుడు ఫౌండేషన్లు గట్టిగా పెరిగాయి. పర్డ్యూ రీసెర్చ్ ఫౌండేషన్ 1930లో, ఇలినాయ్ యూనివర్సిటీ ఫౌండేషన్ 1935లో, ఇండియానా యూనివర్సిటీ ఫౌండేషన్ 1936లో పుట్టాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో రాష్ట్ర గ్రాంట్లు ఖర్చులకు తగ్గట్టు పెరగకపోవడంతో విరాళాల సేకరణ ఉన్న సిబ్బందే అదనంగా చేసే పని స్థాయి దాటి పెద్ద యంత్రాంగంగా మారింది. ఏళ్ల తరబడి నడిచే క్యాంపెయిన్లు, లక్ష్యం ప్రకటించడానికి ముందే చాటుగా సగం దాకా పోగేసుకోవడం, పెద్ద దాతల వెంట ప్రత్యేకంగా తిరిగే ఉద్యోగులు, ఇవన్నీ అప్పటివే. కాన్సస్ 2016లో ముగించిన ఒక్క క్యాంపెయిన్‌లో 1.66 బిలియన్ డాలర్లు పోగేసింది.

## డబ్బు లోపల ఎలా తిరుగుతుంది

బయటివాళ్లకు ఎక్కువగా అర్థం కానిది ఇదే: అంత డబ్బు ఉండి ఫీజులెందుకు పెంచుతారు?

ఎండోమెంట్ అంటే ఒక పెద్ద ఖాతా కాదు, వేలాది చిన్న చిన్న నిధుల కట్ట. హార్వర్డ్‌లో అయితే 14 వేలకు పైగా విడి నిధులున్నాయి. ప్రతి నిధికీ దాత రాసిన షరతు ఉంటుంది, ఫలానా జిల్లా నుంచి వచ్చిన నర్సింగ్ విద్యార్థికి, ఫలానా శాఖలో ఒక ప్రొఫెసర్ పదవికి అని. నర్సింగ్ స్కాలర్‌షిప్ సొమ్ముతో కారుతున్న హాస్టల్ పైకప్పు బాగుచేయించడం చట్టరీత్యా కుదరదు. షరతు లేని సొమ్ము అన్నింటికంటే విలువైనది, దాతలు తక్కువగా ఇచ్చేది కూడా అదే.

రెండోది, మూలధనం ముట్టరు. ఎవరైనా లక్ష డాలర్ల శాశ్వత నిధి పెడితే ఏటా అందులో 4 నుంచి 5 శాతం, అంటే 4 వేల నుంచి 5 వేల డాలర్లు ఖర్చుకు వస్తాయి. ఆ శాతాన్ని కూడా ఈరోజు విలువ మీద కాకుండా గత మూడేళ్లో అంతకంటే ఎక్కువో సగటు తీసి వేస్తారు, మార్కెట్ ఒక ఏడాది ఎగిరినా పడినా స్కాలర్‌షిప్‌లు దానితో పాటు ఊగకుండా. మిగిలిన లాభం ద్రవ్యోల్బణాన్ని తట్టుకోవడానికి అసలులో కలుస్తుంది. ఫౌండేషన్ సొంత ఖర్చులు, సిబ్బంది జీతాలు ఎక్కడి నుంచి వస్తాయంటే, సాధారణంగా ఈ నిధుల మీద ఏటా తీసుకునే చిన్న శాతం రుసుము, కొన్నిచోట్ల విరాళం రాగానే ఒకసారి తీసుకునే కోత. దాతలు చాలామంది చదవని పేరా అదే.

మార్కెట్ కూలితే ఏం చేయాలనేదానికి చట్టమే మారాల్సి వచ్చింది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకోవడానికి 1972లో తయారైన నమూనా చట్టం ప్రకారం నిధి విలువ దాత ఇచ్చిన అసలు మొత్తం కంటే కిందికి పడితే పెరిగిన లాభం ఏమీ లేనట్టే, దాన్ని ఖర్చు పెట్టే వీల్లేదు. ఇందులో చిక్కేంటంటే, యాభై ఏళ్ల కిందటి నిధికి ఆ హద్దు ఎక్కడో అడుగున ఉంటుంది, నిన్న పెట్టిన నిధికి మాత్రం మార్కెట్ కాస్త జారినా స్కాలర్‌షిప్ ఆగిపోవచ్చు. 2006లో వచ్చిన కొత్త నమూనా చట్టం ఆ గీత చెరిపేసి, వివేకంతో ఖర్చు చేయండి, దీర్ఘకాలం చూసుకోండి అంది. పెన్సిల్వేనియా తప్ప దాదాపు అన్ని రాష్ట్రాలూ దాన్ని ఒప్పుకున్నాయి. 2008-09 సంక్షోభంలో హార్వర్డ్ ఎండోమెంటే 36.9 బిలియన్ల నుంచి 26 బిలియన్ డాలర్లకు పడిపోయింది. పాత చట్టమే ఉన్న చోట కొత్త నిధుల విద్యార్థులకు ఆ ఏడాది వడ్డీ, డివిడెండ్ల మేరకు తప్ప చేతికి వచ్చేది ఉండదు.

పన్నుల వైపు కూడా ఈ ఫౌండేషన్లది మంచి చోటు. సాధారణ ప్రైవేటు ఫౌండేషన్ ఏటా తన ఆస్తిలో సుమారు 5 శాతం తప్పక ఖర్చు చేయాలి, పెట్టుబడి ఆదాయం మీద 1.39 శాతం పన్ను కట్టాలి. ప్రభుత్వ యూనివర్సిటీ కోసం పనిచేసే ఫౌండేషన్లను పన్ను చట్టం ప్రత్యేకంగా పేర్కొని ప్రజా ధార్మిక సంస్థల వరసలో కూర్చోబెట్టింది, అందుకే వాటికి ఆ రెండు నియమాలూ లేవు. 2017లో వచ్చిన 1.4 శాతం ఎండోమెంట్ పన్ను ప్రైవేటు యూనివర్సిటీలకే. 2025 చట్టం దాన్ని విద్యార్థికి ఎంత ఎండోమెంట్ ఉందనేదాన్ని బట్టి 1.4, 4, 8 శాతం శ్లాబులుగా మార్చింది, అదీ ప్రైవేటు వాళ్లకే. అంటే ఈ ఫౌండేషన్లు చట్టం దృష్టిలో ప్రైవేటు సంస్థలే అయినా, పన్ను లెక్కకు వచ్చేసరికి ప్రభుత్వ సంస్థ నీడలో ఉన్నట్టు.

## గోడ అవతల ఏముందో ఎవరు చూడాలి

ఒకప్పుడు శాసనసభ నుంచి కాపాడుకోవడానికి వేసిన గోడ సమాచార హక్కు చట్టాలు వచ్చాక ఇంకో పనికి ఉపయోగపడింది. యూనివర్సిటీ కాగితాలు అడిగితే ఇవ్వాలి, ఫౌండేషన్ ప్రైవేటు సంస్థ కాబట్టి ఇవ్వక్కర్లేదు. అధ్యక్షుడి జీతానికి అదనంగా ఇచ్చేది, ఫుట్‌బాల్ కోచ్ ఒప్పందంలో పెద్ద ముక్క, స్థలాల కొనుగోళ్లు ఫౌండేషన్ ద్వారా నడిస్తే బయటివాళ్లకు కనబడవు. ఫౌండేషన్ సిబ్బంది మాత్రం క్యాంపస్‌లోనే కూర్చుంటారు, పేరు, లోగో యూనివర్సిటీవే.

2005లో అయోవా సుప్రీంకోర్టు ఈ వాదన ఒప్పుకోలేదు. అయోవా స్టేట్ యూనివర్సిటీ తన నిధుల సేకరణ, నిర్వహణ పనిని ఫౌండేషన్‌కు ఒప్పందం మీద అప్పగించింది కాబట్టి అది ప్రభుత్వ పనే, పనిని బయటికి అప్పగించినంత మాత్రాన కాగితాలు ప్రైవేటు అయిపోవు అని తేల్చింది. 2008లో కెంటకీ సుప్రీంకోర్టు లూయివిల్ యూనివర్సిటీ ఫౌండేషన్ కేసులో మధ్యేమార్గం పట్టింది. ఫౌండేషన్‌ది ప్రభుత్వ సంస్థ హోదాయే, అయితే పేరు బయటపెట్టొద్దని అప్పటికే అడిగిన వ్యక్తుల గోప్యత కాపాడాలి, ఇక ముందు ఇచ్చేవాళ్లు మాత్రం ఇది తెలిసే ఇచ్చినట్టు. వేరే రాష్ట్రాల్లో ఫౌండేషన్ల మాటే నెగ్గిన సందర్భాలూ ఉన్నాయి, జాతీయ స్థాయిలో ఒకే సూత్రం లేదు.

కాలిఫోర్నియాలో వ్యవహారం చెత్తకుండీ దాకా వెళ్లింది. 2010లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ స్టానిస్లాస్ క్యాంపస్ 50 ఏళ్ల వేడుకకు దాని ఫౌండేషన్ రిపబ్లికన్ రాజకీయ నాయకురాలు సారా పేలిన్‌ని ప్రసంగానికి పిలిచింది. ఎంత ఇస్తున్నారని అడిగితే అది ఫౌండేషన్ ఒప్పందం, మా దగ్గర కాగితాలు లేవు అంది యూనివర్సిటీ. ఆ తర్వాత విద్యార్థులు క్యాంపస్ చెత్తకుండీలో ఒప్పందం పేజీలు కొన్ని దొరికాయని బయటపెట్టారు, వక్తకు మొదటి తరగతి విమాన టికెట్లు, తాగడానికి వంగే స్ట్రాలు అని అందులో ఉంది. రుసుము 75 వేల డాలర్లని తర్వాత తేలింది. యూనివర్సిటీ సమాచార చట్టాన్ని ఉల్లంఘించిందని జడ్జి చెప్పాడు. ఈ బాపతు ఫౌండేషన్లను సమాచార చట్టం కిందికి తెచ్చే బిల్లును ఆ ఏడాది గవర్నర్ ష్వార్జ్‌నెగర్ వీటో చేశాడు, 2011లో జెర్రీ బ్రౌన్ సంతకం పెట్టాడు. పేరు చెప్పొద్దన్న దాతలకు అందులో చాలా వరకు మినహాయింపు ఉంది.

అన్నింటికంటే ఎక్కువ నేర్పేది మళ్లీ లూయివిల్లే. అక్కడ యూనివర్సిటీ అధ్యక్షుడే ఫౌండేషన్ అధ్యక్షుడు కూడా. ఇచ్చేది ఆయనే, పుచ్చుకునేది ఆయనే అన్నమాట, అలాంటప్పుడు గోడ కాగితం మీదే మిగులుతుంది. ఆయన 2016లో తప్పుకున్నారు. 2017లో బయటికొచ్చిన ఫోరెన్సిక్ ఆడిట్ ఎండోమెంట్ నుంచి పరిమితికి మించి ఖర్చు చేశారని, పై అధికారులకు వాయిదా పరిహారం (జీతంలో భాగంగా తర్వాత ఇచ్చే సొమ్ము) కింద పెద్ద మొత్తాలు వెళ్లాయని చెప్పింది. 2018లో యూనివర్సిటీ, ఫౌండేషన్ కలిసి పాత అధికారుల మీద దావా వేశాయి, 2019లో తప్పు ఒప్పుకోకుండానే 8 లక్షల డాలర్ల దగ్గర రాజీ కుదిరింది.

దాతకు కూడా ఈ గోడ పూర్తి రక్షణ కాదు. ప్రైవేటు యూనివర్సిటీ ఉదాహరణే అయినా ప్రిన్స్‌టన్ కేసు ఇక్కడ పనికొస్తుంది. 1961లో రాబర్ట్‌సన్ దంపతులు ప్రభుత్వ సేవకు విద్యార్థుల్ని తయారుచేయడానికి 35 మిలియన్ డాలర్లు ఇచ్చారు, దానికి వేరే ఫౌండేషన్ కూడా పెట్టారు, కానీ బోర్డులో ఎక్కువ మంది యూనివర్సిటీ మనుషులే. సొమ్ము ఉద్దేశానికి తగ్గట్టు వాడట్లేదని ఆ దంపతుల పిల్లలు 2002లో కోర్టుకు వెళ్లారు. ఆరేళ్ల తర్వాత 2008లో రాజీ అయ్యేసరికి కుటుంబం లాయర్ల ఖర్చుకు 40 మిలియన్లు, కొత్తగా పెట్టే ఫౌండేషన్‌కు 50 మిలియన్లు ప్రిన్స్‌టన్ ఒప్పుకుంది. లాయర్లకు వెళ్లిన సొమ్ము మొదటి విరాళం కంటే ఎక్కువ.

## ఇక ముందు

విరాళాల మీద పన్ను మినహాయింపు 1917 నుంచి ఉంది. 2025 చట్టం దాన్ని కొంత కదిలించింది. 2026 నుంచి రిటర్నులో మినహాయింపు ఖర్చుల జాబితా వేయని మామూలు పన్నుదారులు కూడా నగదు విరాళాల మీద 1,000 డాలర్ల వరకు, దంపతులైతే 2,000 వరకు తగ్గించుకోవచ్చు. జాబితా వేసేవాళ్లకు మాత్రం ఆదాయంలో మొదటి అర శాతం దాటిన విరాళానికే మినహాయింపు, పై శ్లాబు వాళ్లకు ప్రయోజనం డాలరుకు 35 సెంట్ల దగ్గర ఆగుతుంది. కంపెనీలకు ఒక శాతం కింది హద్దు వచ్చింది. చిన్న దాతకు కాస్త ప్రోత్సాహం, పెద్ద దాతకు కాస్త కోత. అయితే పెద్ద ఫౌండేషన్ల రాబడిలో ఎక్కువ భాగం కొద్దిమంది పెద్ద దాతల నుంచే వస్తుంది, కాబట్టి వాళ్లు ఏటా ఇచ్చే బదులు రెండు మూడేళ్లవి కలిపి ఒకేసారి ఇచ్చే ధోరణి పెరగొచ్చు.

ఫెడరల్ పరిశోధన నిధులు తగ్గిన చోట ఫౌండేషన్ ఆ లోటు పూడుస్తుందా అన్న ప్రశ్నకు పైన చెప్పిన 4, 5 శాతం లెక్కే జవాబు. ఏటా 10 మిలియన్ డాలర్ల గ్రాంటు పోతే దాన్ని శాశ్వతంగా భర్తీ చేయడానికి 200 నుంచి 250 మిలియన్ల నిధి కావాలి, అదీ ఆ పనికే రాసి ఉన్న నిధి. ఒకటి రెండేళ్లు ల్యాబ్ మూతపడకుండా చూడటం కుదురుతుంది, అంతకుమించి కష్టం.

పారదర్శకత వైపు ఒత్తిడి కోర్టుల నుంచే కాక లెక్కల నియమాల నుంచి కూడా వచ్చింది. ప్రభుత్వ సంస్థల అకౌంటింగ్ ప్రమాణాల బోర్డు 2002లో తెచ్చిన నియమంతో, ముఖ్యమైన ఫౌండేషన్ల లెక్కలు యూనివర్సిటీ వార్షిక నివేదికలోనే పక్కన కనబడుతున్నాయి. ఇక ఫౌండేషన్ ఏటా పన్ను శాఖకు ఇచ్చే ఫారం 990 ఎవరైనా చూడొచ్చు. పై అధికారుల జీతాలు, సేకరణ ఖర్చు, ట్రస్టీల పేర్లు, ఎండోమెంట్ ఏడాది మొదట్లో ఎంత, చివర్లో ఎంత, మధ్యలో ఎంత ఖర్చు, అన్నీ అందులో ఉంటాయి. దాతల పేర్లున్న అనుబంధం మాత్రం జనానికి ఇచ్చే ప్రతిలో ఉండక్కర్లేదు. విరాళం ఇవ్వబోయేవాళ్లు మాత్రం దాంతో పాటు నిధి ఒప్పందం కాగితం కూడా అడిగి చదవాలి, రుసుము ఎంతో, షరతు మార్చే అధికారం ఎవరిదో రాసి ఉండేది అందులోనే.